ప్లాస్టిక్ పోతలో నాజిల్ పాత్ర

(తాడేపల్లిగూడెము ప్రాంతపు రైతుల, యువకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నీటి పంపకమును గూర్చి ఈ ప్రాంతమువారికి ఒకరు వచ్చి చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరము వద్ద గోదావరిపై ఆనకట్ట 1852లో పూర్తియైనది. నాటినుండి పశ్చిమ డెల్టా నీరు విజ్జేశ్వరము తలుపులు దాటి కాలువలుగా చీలుచు వచ్చుచున్నది. అందులో ఏలూరు కాలువ మీ యూరి మీదుగనే సాగిపోవుచున్నది. కాలువ మొదట నున్న రైతునకు నీరు ముందుగ అందును. శివారు రైతు గట్టుమీద నిలుచుండి ఎదురుచూచును. నదిలో నీరు నిండుగ నున్నను, తూము ఇరుకైనచో, కాలువ పూడినచో, మలుపున గండి పడినచో శివారు పొలము ఎండిపోవును. కావున నీరు ఎంత కలదను ప్రశ్నకంటె అది సమముగ పంచబడుచున్నదా యను ప్రశ్నయే రైతునకు ముఖ్యము.

నేను నేడు చెప్పబోవు విషయమును ఇట్టి పంపకమునకు సంబంధించినదే. ఐతే ఇచట పారునది నీరు కాదు, కరిగిన ప్లాస్టిక్. పంచుకొనునవి పొలములు కావు, ఉక్కు అచ్చులోని చిన్న చిన్న గదులు. తలతూము వంటిది నాజిల్ అను ఇనుప ముక్కు. దాని కొనయందలి రంధ్రము సాధారణముగ కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే కలది. ఆ రంధ్రమునకును మీ తోటలోని గెలకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఆ సంబంధమును చూపుటయే నా ప్రయత్నము.

మన యిండ్లలో, మన పొలములలో

ఇంజెక్షన్ పోత యనునది ప్లాస్టిక్‌ను కరిగించి, ఒత్తిడితో అచ్చులోనికి ఎక్కించి, చల్లార్చి, వస్తువుగ తీయు పద్ధతి. మీరు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఇట్లే తయారైనది. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపలను మంచుతో పేర్చి లారీలకెత్తు ట్రేలును ఇట్టివే. భీమవరము వైపు రొయ్యల చెరువులలో నీటిని చిమ్ము ఏరియేటరు రెక్కలు, బోరు గొట్టములను కలుపు ఎల్బోలు, టీలు, తుంపర సేద్యపు మైక్రోజెట్లు గూడ ఈ పద్ధతినే తయారగును.

వీనిలో లోపమున్నచో నష్టము వస్తువు వెలతో పోదు. ట్రే దొంతరలో అడుగుననున్నది విరిగినచో పైనున్న సరకంతయు నేలపాలగును. చెరువునీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తక్కువగ నుండును. ఆ వేళ ఏరియేటరు రెక్క విరిగినచో ఒక్క రాత్రిలో పంట పోవచ్చును. మైక్రోజెట్ సంగతి ఇంకను సూక్ష్మమైనది. అది విరుగదు, శబ్దము చేయదు. కొంచెము తక్కువ నీరిచ్చుచుండును, అంతే.

ఆ కొంచెము ఎంతయో లెక్కింతము. ఒక జెట్ రంధ్రము వ్యాసము 1.2 మిల్లీమీటరు ఉండవలసియుండగా 1.14 మిల్లీమీటరు ఉన్నదనుకొనుడు. తేడా ఒక తలవెంట్రుక మందము. కాని రంధ్ర వైశాల్యము సుమారు నూటికి 10 వంతులు తగ్గును. నీరును దాదాపు అంతే తగ్గును. రోజునకు 200 లీటర్లు అందవలసిన ఆయిల్ పామ్ చెట్టునకు 180 లీటర్లే అందును. తొమ్మిది మీటర్ల ఎడముతో త్రికోణ పద్ధతిన నాటిన తోటలో హెక్టారునకు 143 చెట్లుండును. వీనిలో ఏ చెట్టునకు లోటు కలుగుచున్నదో పైకి కనబడదు. నీటి యెద్దడి తగిలిన ఆయిల్ పామ్ చెట్టు మగ పూగుత్తులను ఎక్కువగ వేయును, ఆడ పూగుత్తులను తగ్గించును. పూగుత్తి ఆడదో మగదో తేలుట గెల కోతకు సుమారు రెండేండ్లు ముందుగనే జరుగును. కావున ఈ వేసవిలోని లోటు రెండేండ్ల పిమ్మట గెలల లెక్కలో తేలును. అప్పటికి కారణము ఎవరికిని జ్ఞాపకముండదు. ఎరువును నిందింతుము, మొక్కను నిందింతుము, అదృష్టమును నిందింతుము.

యంత్రము పనిచేయు తీరు

ఇట్టి యంత్రము కొత్తది కాదు. అమెరికాలో హయట్ సోదరులు సెల్యులాయిడ్ అను పదార్థమును పోయుటకై 1872లోనే దీనికి పేటెంటు పొందిరి. అది పెద్ద పిచికారి వంటిది. వేడిగొట్టములోని పదార్థమును ఒక దిమ్మ ముందునకు త్రోసెడిది. అంచున నున్నది మాడుచుండగ నడుమ నున్నది సరిగ కరగక పోయెడిది. 1946లో జేమ్స్ హెండ్రీ యను నతడు తిరుగు స్క్రూ గల యంత్రమును నిర్మించెను. స్క్రూ తిరుగుచు గుళికలను నలుపుచు, కలుపుచు, కరిగించుచు ముందునకు తెచ్చును. పిమ్మట తానే ముందునకు జరిగి, కరిగిన ముద్దను నాజిల్ గుండ అచ్చులోనికి నెట్టును. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 500 కిలోగ్రాములు మొదలు 1500 కిలోగ్రాముల వరకు నుండును.

మన యిల్లాండ్రకు జంతికల గొట్టము తెలియును. పిండి జారుగ నున్నచో పోగు తెగును. గట్టిగ నున్నచో చేయి నొచ్చును. బిళ్ళలో ఒక కన్ను పూడినచో ఆ వైపు పోగు సన్నగిలును. ప్లాస్టిక్ పోతయును ఇట్టిదే. కాని ఒక భేదము కలదు. జంతికల పిండి గొట్టములో గట్టిపడదు. కరిగిన ప్లాస్టిక్ బెల్లపు పాకము వంటిది. వేడి తగ్గినకొలది చిక్కబడును. చల్లని లోహము తగిలినచోట తక్షణమే గడ్డకట్టును. వేడి మించినచో మాడును. పాలీప్రొపిలీన్‌ను సాధారణముగ 200 మొదలు 250 డిగ్రీల వేడిలో పోయుదురు. అది ప్రవేశించు అచ్చు చేతితో తాకదగినంత చల్లగ నుండును. ఈ వేడికిని చలువకును నడుమ వంతెన నాజిల్. అందుచేతనే చిక్కులన్నియు అచట చేరును.

నాజిల్‌లో చూడవలసిన నాలుగు విషయములు

మొదటిది రంధ్రపు కొలత. సన్నని గొట్టములో నిదానముగ పారు నీటి విషయమున, వ్యాసము సగమైనచో అంతే నీటిని పంపుటకు 16 రెట్ల ఒత్తిడి కావలెను. కరిగిన ప్లాస్టిక్‌కు ఒక విచిత్ర గుణము కలదు. ఎంత వేగముగ త్రోసిన అంత పలుచనగును. కావున దానికి 16 రెట్లు కాక సుమారు నాలుగైదు రెట్లు చాలును. అదియును తక్కువ కాదు. ఇరుకు రంధ్రములో నష్టమైన ఒత్తిడి వేడిగ మారును. పాలీప్రొపిలీన్ విషయమున చదరపు సెంటీమీటరుకు 200 కిలోగ్రాముల ఒత్తిడి అట్లు ఖర్చైనచో ముద్ద వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగును. ఆ వేడి యంతయు ముద్దలో సమముగ వ్యాపింపదు. గోడ నంటిన పొర కదలదు, నడుమది వేగముగ పోవును. గోడకు సమీపమున పొరలు ఒకదానితో నొకటి రాచుకొని ఆ భాగమే ఎక్కువ వేడెక్కును. కావున కన్ను చిన్నదైనచో మంచిదనుటయు, పెద్దదైనచో మంచిదనుటయు రెండును పొరపాట్లే. వస్తువు బరువునకు, పదార్థమునకు, పోయు వేగమునకు తగినట్లుండవలెను.

రెండవది లోపలి నునుపు. బ్యారెల్ వెడల్పునుండి నాజిల్ కన్ను వరకు దారి క్రమముగ సన్నగిల్లవలెను. మెట్టుగాని, అంచుగాని, మరలు సరిగ బిగియని సందుగాని ఉండరాదు. కాలువ మలుపులో నీరు సుడితిరిగి చెత్త నిలిచినట్లు, ఆ సందులో ప్లాస్టిక్ నిలిచిపోవును. గంటల తరబడి వేడిలో నిలిచినది నల్లగ మాడి, పెచ్చులై ఊడి వస్తువులో చేరును. తెల్లని ట్రేలో నల్లని చుక్కలు కనబడినచో అవి అట్టి తావునుండి రాలిన మాడు పెచ్చులు కావచ్చును. గొట్టముల ఎల్బోలు పోయు పి.వి.సి. విషయమున ఇది మరింత ప్రమాదకరము. నిలిచి మాడిన పి.వి.సి. నుండి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పుట్టి పనివాని ఊపిరిని, యంత్రపు ఉక్కును గూడ తినివేయును. దానికి పొట్టిదియు, వెడల్పైనదియు, నున్ననిదియు నగు నాజిల్ కావలెను.

మూడవది వేడి. నాజిల్ కొన ప్రతి పోతలోను చల్లని అచ్చును తాకుచుండును. హీటరు పట్టీ నడుమ భాగమును మాత్రమే కప్పి, వేడిని కొలుచు తీగ వెనుకగ నున్నచో, సూచిక సరియైన అంకెను చూపుచుండగనే కొన చల్లబడియుండును. అచట గడ్డకట్టిన చిన్న బిళ్ళ తరువాతి పోతతో ముందుగ అచ్చులోనికి పోవును. అది సన్నని దారిలో చిక్కినచో ఆ గది నిండదు. వస్తువు గోడలో చిక్కినచో అచట బలహీనత యేర్పడును. అందుచేతనే అచ్చులో నాజిల్‌కు ఎదురుగ, మొదటి చల్లని ముద్దను పట్టి యుంచుటకు చిన్న గుంట విడుతురు. నైలాన్ వంటి పదార్థము కరిగినపుడు నీళ్లవలె పలుచనై నాజిల్‌నుండి కారును. దానికి కొనవైపు తిరిగి విప్పారు నాజిల్‌ను, లేదా మూతపడు నాజిల్‌ను వాడుదురు. ఒక పదార్థమునకు సరిపోయిన ముక్కు మరియొక దానికి సరిపడునని తలంపరాదు.

నాలుగవది కూర్పు. నాజిల్ కొన గుండ్రముగ నుండి, అచ్చులోని స్ప్రూ బుష్ అను గుంటలో కూర్చుండును. కొన గుండ్రన గుంట గుండ్రనకంటె కొంచెము చిన్నదిగ నుండవలెను. కొన రంధ్రము బుష్ రంధ్రముకంటె అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు చిన్నదిగ నుండవలెను. పెద్దదైనచో గడ్డకట్టిన కాడ మెట్టునకు తగులుకొని అచ్చునుండి ఊడిరాదు. రెంటి నడిగీత ఒకటి కానిచో ముద్ద ఒక ప్రక్కకు ఒరసుకొని పోవును, సందులోనుండి కారును. దీనిని పరీక్షించుటకు ఖర్చు లేదు. యంత్రము పోత పోయకుండగ, కొనకును బుష్‌కును నడుమ పలుచని కాగితమును ఒక పుల్లకు తగిలించి పట్టి, మెల్లగ తాకించి తీయవలెను. ముద్ర పూర్ణ వలయముగ పడినచో కూర్పు సరి. అర్ధచంద్రముగ పడినచో ఒక ప్రక్క ఎత్తుగ నున్నదని అర్థము.

ఈ సందర్భమున పనివారికి ఒక హెచ్చరిక. నాజిల్ గడ్డకట్టి మూసికొనిపోయినపుడు వెనుక వేడి పెంచుచు, ముఖమును దగ్గరకు తెచ్చి చూడరాదు. లోపల ఒత్తిడి పెరిగి గడ్డ తుపాకి గుండువలె ఎగిరి, దానివెంట కరిగిన ప్లాస్టిక్ చిమ్మును. అది చర్మమున కంటుకొని ఊడిరాదు. బ్యారెల్‌ను వెనుకకు జరిపి, ముందుగ నాజిల్‌కే వేడినిచ్చి, ముఖకవచము ధరించి, ఎదురుగ నిలువక పని చేయవలెను.

నాజిల్ దాటిన పిమ్మట

ఒకే పోతలో ఎనిమిది జెట్లు తీయు అచ్చు నుదాహరణగ తీసికొందము. నాజిల్‌నుండి వచ్చిన ముద్ద ఒక కాలువగ ప్రవేశించి రెండుగను, నాలుగుగను, ఎనిమిదిగను చీలును. కాలువలన్నియు ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్నచో పంపకము సమమగునని చాలకాలము నమ్మిరి. కాని ఎనిమిది గదులలో కొన్ని ముందుగ నిండుట మానలేదు. 1990 దశకములో అమెరికా దేశస్థుడు జాన్ బోమాంట్ దీని కారణమును స్పష్టపరచెను. రాపిడితో వేడెక్కిన అంచు పొర చీలిక వద్ద ఒక ప్రక్కకు చేరును. నడుమనున్న చల్లని భాగము రెండవ ప్రక్కకు చేరును. మరుసటి చీలికలో ఒక శాఖకు వేడి ముద్ద యెక్కువగను, రెండవ దానికి చల్లని ముద్ద యెక్కువగను పోవును. కాలువలు సమమైనను పారునది సమము కాదు. ముద్దను చీలికకు ముందు ఒక పాటి త్రిప్పినచో ఈ భేదము తగ్గునని ఆయన చూపెను.

ముందుగ నిండిన గది అధిక ఒత్తిడికి గురియగును. ప్లాస్టిక్ సందులలోనికి దూరి, జెట్ రంధ్రపు అంచున పలుచని పొర నిలుచును. ఆలస్యముగ నిండిన గదిలో అంచు పూర్తిగ ఏర్పడదు, వస్తువు ఎక్కువగ కుదించుకొనును. మొదటిది నీటికి అడ్డుపడును. రెండవది నీటిని వంకరగ చిమ్మును. ట్రేల విషయమున ఇంకొక చిక్కు కలదు. ప్రతి కన్ను చుట్టును రెండు పాయలుగ పోయిన ముద్ద అవతల మరల కలిసికొనవలెను. చల్లబడి కలిసికొన్నచోట సన్నని గీత మిగులును. ట్రే విరిగినపుడు తరచు ఆ గీత వెంబడియే విరుగును.

కొలిచి తెలిసికొనుట

తోటలో నీరు తగ్గినచో గొట్టమును నిందింపవలెనా, జెట్‌ను నిందింపవలెనా? దీనికి రైతు తానే చేయదగిన పరీక్ష కలదు. మొదట వడపోతను, జెట్లను శుభ్రపరచవలెను. ఇనుము, సున్నము, నాచు పేరుకొని రంధ్రములు పూడుట సర్వసాధారణము. పిమ్మట ఒక పక్క గొట్టము మొదటను, నడుమను, శివారున జెట్ల క్రింద ఒకే రకపు డబ్బాలుంచి పది నిమిషములు నీరు పట్టి కొలువవలెను. మొదటి జెట్‌కును చివరి జెట్‌కును ఎక్కువ తేడా యున్నచో ఆ రెంటిని ఒకదాని స్థానమున మరియొకదానిని అమర్చి మరల కొలువవలెను. లోటు జెట్ వెంట పోయినచో లోపము తయారీలో నున్నది. లోటు ఆ స్థానముననే నిలిచినచో లోపము గొట్టములో, ఒత్తిడిలో నున్నది. మొదటి దానికి అమ్మినవానిని అడుగవలెను. రెండవ దానికి గొట్టపు వ్యాసమును, పంపును, వాలును సరిచూడవలెను. ఈ భేదము తెలియక జెట్లన్నిటిని మార్చినవారును, పంపును మార్చినవారును మన గ్రామములలో కలరు.

పోతపని చేయువానికిని సరిగ ఇట్టి పరీక్షయే కలదు. ప్రతి గదికి గుర్తు పెట్టి, పది పోతల వస్తువులను విడివిడిగ తూచవలెను. ఎప్పుడును ఒకే గది వస్తువు తేలికగ నున్నచో ఆ గదికి పోవు కాలువలోనో గేటులోనో లోపము. ఒక పోతలో అన్నియు తేలికగను, మరియొక పోతలో అన్నియు బరువుగను వచ్చినచో లోపము అచ్చులో లేదు. నాజిల్‌లోనో, బ్యారెల్ వేడిలోనో, స్క్రూలోనో కలదు. ముద్దను కావలెనని సగమే పోసి, ఏ గది ముందుగ నిండుచున్నదో చూచుట మరియొక సులభోపాయము. వేలు, లక్షలు పెట్టి అచ్చును తిరిగి చెక్కించుటకు ముందు ఈ తూకము చేయనివాడు అప్పును పెంచుకొనుటయే గాని లోపమును తీర్పలేడు.

యువకులకు

ఈ విద్య దూరదేశపు విద్య కాదు. భారత ప్రభుత్వము ఐక్యరాజ్య సమితి సహాయముతో 1968లో మద్రాసులో స్థాపించిన సీపెట్ సంస్థకు నేడు విజయవాడలోను, హైదరాబాదులోను కేంద్రములు కలవు. అచ్చుల తయారీ, యంత్రములు నడుపుట, వస్తువుల పరీక్ష అచట నేర్పుదురు. మీ తాడేపల్లిగూడెములోనే 2015నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడుచుచున్నది. ప్రక్కనున్న వెంకట్రామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. పెదవేగిలో 1995నుండి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ పనిచేయుచున్నది. యంత్రము తెలిసినవారు, తోట తెలిసినవారు, చెట్టు తెలిసినవారు ఒక్క పూట ప్రయాణములోనే యున్నారు. వీరిని కలిపి ప్రశ్నించు యువకుడు మన పొలమునకు తగిన వస్తువును మన యూరనే తయారుచేయగలడు. పోతపని ఆరంభింపగోరువాడు యంత్రము వెల నడుగుటకు ముందు తాను పోయబోవు పదార్థమేది, వస్తువు బరువెంత, దానికి తగిన నాజిల్ ఏది యను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనవలెను.

చివరగ ఒక మాట. చెడిన వస్తువులు, నాజిల్‌నుండి తీసిన మాడు గడ్డలు ఎచటికి పోవును? మురుగు కాలువలోనికి విసరినచో వానలలో కొట్టుకొనిపోయి పల్లమునకు చేరును. మన పల్లము కొల్లేరు. 2002లో ఆ సరస్సు రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపు పొందినది. మాడని కాడలను, కాలువ ముక్కలను నలిపి, మట్టి కలియకుండ, కొత్త గుళికలతో తగు పాళ్లలో కలిపి మరల వాడవచ్చును. మాడినదానిని మాత్రము వేరుగ ఉంచి చెత్త సేకరించువారికి అప్పగింపవలెను. అన్నిటికంటె మేలైనది చెడిన వస్తువు పుట్టకుండ చూచుట. అదియును నాజిల్ వద్దనే ఆరంభమగును.

మన పెద్దలు తూమును చూచి ఆయకట్టును అంచనా వేసెడివారు. వస్తువును కొనునపుడు బరువెంత, వెలయెంత యని మాత్రమే అడుగక, పదింటిని తెచ్చి కొలిచినచో పదియు ఒక్కటిగ నున్నవా యని అడుగుడు. తయారుచేయువారు ఆ ప్రశ్నకు వెరవక సమాధానము చెప్పగలుగునట్లు పనిచేయుదురు గాక. శివారు చెట్టునకు గూడ మొదటి చెట్టుతో సమముగ నీరందిన నాడు ఈ చిన్న రంధ్రమును గూర్చి ఇంతసేపు మాటలాడుట సార్థకమగును.